దేవదూతని పిలిస్తే ఏం చేస్తాడు?

(పోయిన ఆదివారం సాయంత్రం పాత పోస్టాఫీసు దగ్గర హాల్లో మాస్టారు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగేరని ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాను. తడబాట్లు, మైకు గోల తీసేసేను, మిగతాది ఆయన అన్నది అన్నట్టే ఉంచేను.)

అందరికీ నమస్కారం, వందనాలు, అస్సలాము అలైకుం. మూడూ చెప్పేస్తున్నానండీ, విశాఖ వన్ టౌన్లో మీటింగ్ పెట్టి ఏదో ఒకటే చెప్తే ఊరుకోరు. ఈ హాల్లోంచి బయటికెళ్ళి పోర్టు వైపు చూస్తే మూడు కొండలు, ఒకదాని మీద వెంకన్నబాబు గుడి, ఒకదాని మీద, అదే రాస్ హిల్లు, మేరీమాత చర్చి, ఇంకోదాని మీద ఇసాక్ మదీనా బాబా దర్గా. వీటిల్లో ఒక్కదానికే వెళ్ళేను, మిగతా రెండూ ఎప్పుడూ ఎక్కలేదు అనేవాళ్ళు చెయ్యెత్తండి చూద్దాం. చూసేరా, వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. అలాంటి ఊరు మనది, కష్టం వస్తే ఏ కొండ దగ్గరుంటే ఆ కొండ ఎక్కేస్తాం.

సరే. నన్నిక్కడ మాట్లాడమన్న కుర్రాళ్ళు అడిగిందేటంటే, మాస్టారూ, దేవదూతలు అన్ని మతాల్లోనూ ఉన్నారంట కదా, మనకి కష్టం వచ్చినప్పుడు వాళ్ళని పిలవొచ్చా, పిలిస్తే వస్తారా అని. ఉన్నారా లేరా అని మాత్రం నన్నడక్కండి బాబూ, ఆ తగువు నా వల్ల తేలేది కాదు. పుస్తకాల్లో ఏం రాసి ఉందో చెప్తాను. అందులోనూ నాకు ఆసక్తి ఏటంటే, వస్తే వచ్చేడు, వచ్చి ఏం చేసేడు? అది మనం సరిగ్గా చూడం. వచ్చేడు అనగానే ఒళ్ళు పులకరించిపోయి అక్కడితో కథ ఆపేస్తాం. ఆపకుండా చూస్తే తమాషాగా ఉంటాది.

ముందు యేసు శిష్యుడు పేతురు కథ చూద్దాం, బైబిల్లో అపొస్తలుల కార్యాలు 12వ అధ్యాయం. చర్చికెళ్ళేవాళ్ళున్నారు కదా ఇక్కడ, తేడా వస్తే ఆపండి. హేరోదు రాజు పేతుర్ని పట్టుకుని జైల్లో పడేసేడు. కాపలాకి నలుగురేసి సైనికులున్న జట్లు 4, అంటే 16 మంది. ఒక్క చేపలు పట్టుకునేవాడికి! రెండు గొలుసులు వేసి, ఇద్దరు సైనికుల మధ్యన పడుకోబెట్టేరు. తెల్లారితే జనం ముందుకి లాక్కెళ్తారు, అయినా ఆయన హాయిగా నిద్రపోతున్నాడు చూడండి, మనకైతే మాత్ర వేసుకున్నా పట్టదు. దూత వచ్చేడు, గదంతా వెలుగు. వచ్చి ఏం చేసేడు? డొక్కలో ఒక్కటి తట్టేడు. తొందరగా లెగు అన్నాడు. గొలుసులు ఊడిపోయేయి. ఇక్కడిదాకా అద్భుతమే. తర్వాతేమన్నాడో వినండి, నడుం కట్టుకో, చెప్పులు తొడుక్కో, పైబట్ట కప్పుకో, నా వెనకాల రా. అంటే గొలుసులు ఊడగొట్టగలిగినవాడు చెప్పులు తొడగలేడా? తొడగడు. అది నీ పని. మొదటి కాపలా దాటేరు, రెండో కాపలా దాటేరు, ఇనప గేటు దానంతటదే తెరుచుకుంది, ఒక వీధి నడిచేరు. ఒక్క వీధి! దూత మాయం.

అర్ధరాత్రి నడివీధిలో పేతురు ఒక్కడే. ఇంటిదాకా దింపలేదండీ. తెలిసినవాళ్ళిల్లు ఆయనే వెతుక్కుని వెళ్ళి తలుపు కొట్టేడు. లోపల జనం ఎవరికోసం ప్రార్థన చేస్తున్నారు? ఈయన కోసమే. రోదే అని ఒక పనిపిల్ల గొంతు గుర్తుపట్టింది, పట్టి ఆ సంతోషంలో తలుపు తియ్యడం మర్చిపోయి లోపలికి పరిగెత్తింది. పేతురొచ్చేడు అంటే నీకు పిచ్చెక్కింది అన్నారు. కాదు నిజంగానే అంటే, అయితే ఆయన దూత అయ్యుంటాడులే అన్నారు. అంటే దూత వచ్చేడంటే నమ్మకం కుదిరింది గానీ, వాళ్ళు అడిగిన మనిషే వచ్చేడంటే కుదర్లేదు. పాపం ఆయన బయట తలుపు బాదుతానే ఉన్నాడు.

ఇలాంటివి ఏరుకుంటూ పోతే బోలెడు. ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణికి భయపడి ఎడారిలోకి పారిపోయి, ఇంక చాలు దేవుడా నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకుంటే దూత వచ్చేడు. రాణి సంగతి నేను చూసుకుంటాలే అన్నాడా? లేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్ళు, లేచి తిను, చాలా దూరం నడవాలి అన్నాడు. 40 రోజులు నడిచేడు ఆయన ఆ తిండి మీద. ఖురాన్‌లో మర్యమ్ బీబీ, అంటే యేసు తల్లి, ఆవిడ సంగతి చూడండి, 19వ సూరా, అంటే అధ్యాయం. ఖర్జూర చెట్టు మొదట్లో కూర్చుని నొప్పులు పడుతోంది, దీనికన్నా ముందే చచ్చిపోయినా బావుణ్ణు అనుకుంటోంది. కిందనించి ఒక గొంతు, ఆ గొంతు జిబ్రయీల్ దూతదని, అంటే గబ్రియేలుదని కొందరు, పుట్టిన బిడ్డదేనని కొందరు. ఏమంది? బాధపడకు, ఆ చెట్టు మొదలు పట్టుకుని నీ వైపు ఊపు, పండిన కాయలు రాల్తాయి అంది. అమ్మా, ఇక్కడ పిల్లల్ని కన్నవాళ్ళున్నారు. ఆ స్థితిలో ఖర్జూర చెట్టు ఊపడం అయ్యే పనేనా? మగాడు వేళ్ళాడినా కదలదు ఆ చెట్టు. అయినా ఊపమన్నాడు. కాయలు రాల్చింది దేవుడే, నమ్మేవాళ్ళ లెక్కలో, కానీ చెయ్యి ఆవిడే వెయ్యాలి.

హాగరు, అబ్రాహాము బిడ్డని కన్న దాసి, ఆవిడ బిడ్డతో ఎడారి పాలైన కథ ఇంకా బావుంటాది, ఎందుకంటే అది రెండు ఇళ్ళలో రెండు రకాలుగా చెప్తారు. ఆదికాండంలో అయితే తిత్తిలో నీళ్ళైపోయేయి, బిడ్డని పొద కింద పడుకోబెట్టి, వాడు చచ్చిపోవడం చూడలేనని బాణం పడేంత దూరంలో కూర్చుని ఏడ్చింది. దూత పైనించి పిలిచేడు, భయపడకు, లేచి పిల్లాణ్ణి పట్టుకో. కళ్ళు తెరిస్తే బావి కనిపించింది, వెళ్ళి తిత్తి నింపుకుంది. ముస్లింలు చెప్పే హదీసులో, అంటే ప్రవక్త మాటల్లో, హాజరా బీబీ, ఈ హాగరే, కూర్చోలేదండీ. సఫా గుట్ట ఎక్కి చూసింది, ఎవరూ లేరు, దిగి మర్వా గుట్ట ఎక్కింది, ఎవరూ లేరు, మళ్ళీ సఫా, మళ్ళీ మర్వా, 7 సార్లు. 7 సార్లు అయ్యేక అప్పుడు గొంతు వినిపించింది, చూస్తే దూత మడమతోనో రెక్కతోనో నేల గీరుతున్నాడు, నీళ్ళు ఊరుతున్నాయి. అదే జమ్‌జమ్. ఆవిడేం చేసింది, చేతుల్తో మట్టి చుట్టూ కట్టేసి నీళ్ళు పోకుండా అడ్డం పెట్టింది. ఇప్పటికీ హజ్‌కెళ్ళినవాళ్ళు చేసేది దేన్ని? దూతని తల్చుకుంటూ ఏమన్నా చేస్తారా అక్కడ? ఆ తల్లి పరుగుని చేస్తారు. మన ఊర్నించి వెళ్ళొచ్చిన హాజీలు ఉంటే అడగండి, ఆ గుట్టల మధ్య మోకాళ్ళు ఎలా పట్టేస్తాయో చెప్తారు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన కథ. తోబీతు. ప్రొటెస్టెంట్లకి ఇది తెలీదు, వాళ్ళ బైబిల్లో లేదు. క్యాథలిక్‌ల దాంట్లో ఉంది, రాస్ హిల్ కెళ్ళేవాళ్ళకి తెలుస్తాది. నీనెవెలో తోబీతు అని పెద్దాయన, చాలా మంచోడు, దిక్కులేని శవాల్ని పూడ్చిపెట్టే మనిషి. ఒక రాత్రి అలాగే ఒకణ్ణి పాతిపెట్టి వచ్చి ఆరుబయట గోడ పక్కన పడుకున్నాడు. గోడ మీద పిచ్చికలు. అవి రెట్ట వేసేయి, వేడివేడిగా కళ్ళలో పడింది, కళ్ళకి తెల్లగా పొర కమ్మేసింది. చూపు పోయింది. పుణ్యం చేసొచ్చినవాడికి పిచ్చిక రెట్ట! ఇలా రాసినవాడు జీవితం చూసినవాడండీ.

ఇల్లు గడవటం లేదు, దూరదేశంలో ఎవరి దగ్గరో దాచిన డబ్బుంది, కొడుకు తోబియాని తెచ్చుకురమ్మన్నాడు. దారి తెలిసిన తోడు కావాలి. బజార్లో ఒక కుర్రాడు కనిపించేడు, నా పేరు అజర్యా, ఫలానావాళ్ళ అబ్బాయిని, దారి నాకు తెలుసు అన్నాడు. వాడే రఫాయేలు అనే దేవదూత, కానీ వీళ్ళకి తెలీదు. పెద్దాయన కూలి బేరం పెట్టేడు, రోజుకో ద్రాక్మా, అంటే ఒక వెండి నాణెం, ఖర్చులు వేరు. దేవదూతకి దినకూలి! వాడు సరే అన్నాడు. బయల్దేరేరు, వీళ్ళ కుక్క కూడా వెనకాలే బయల్దేరింది, ఆ కుక్కకి కథలో పనేం లేదు, ఊరికే వెళ్ళింది, అందుకే నాకు ఇష్టం. టైగ్రిస్ నది దగ్గర తోబియా కాళ్ళు కడుక్కోడానికి దిగితే పెద్ద చేప కాలు పట్టుకోబోయింది. వీడు కెవ్వుమన్నాడు. పక్కన దేవదూత ఉన్నాడు కదా, చేపని మాయం చేసేడా? పట్టుకో దాన్ని, ఒడ్డుకి లాగు అన్నాడు. లాగేడు. కొయ్యి అన్నాడు, కోసేడు. పిత్తం, గుండె, కాలేయం తీసి దాచు అన్నాడు. మిగతాది కాల్చుకు తిన్నారు. జాలరిపేట వాళ్ళున్నారా వెనకాల? మీకైతే కోత నేర్పక్కర్లేదు.

ఆ గుండె, కాలేయం పొగ వేస్తే సారా అనే పిల్లని పట్టిన దయ్యం పారిపోయింది, ఆ పిల్లకి అంతకుముందు 7 గురు పెళ్ళికొడుకులు మొదటి రాత్రే పోయేరు, వీడు బతికి బయటపడ్డాడు. ఆ పిత్తం తెచ్చి తండ్రి కళ్ళకి రాస్తే పొర ఊడింది, చూపొచ్చింది. రాసింది ఎవరు? కొడుకు. చివరికి తండ్రీ కొడుకూ ఇద్దరూ ఆలోచించి, అజర్యాకి కూలి ఎక్కువిద్దాం, తెచ్చినదాంట్లో సగం ఇచ్చేద్దాం అన్నారు. అప్పుడు చెప్పేడు, నేను రఫాయేలుని, మీరు ప్రార్థన చేసినప్పుడు దాన్ని దేవుడి ముందుకి తీసుకెళ్ళింది నేనే, మీతో తిన్నట్టు కనిపించేను గానీ తినలేదు, నాకు దండాలు పెట్టకండి, దేవుడికి పెట్టండి, జరిగిందంతా రాసి పెట్టండి. వెళ్ళిపోయేడు. అంటే దారి పొడుగునా వీళ్ళు ఎవర్నీ దూతా రా అని పిలవలేదు. ప్రార్థన చేసింది దేవుడికి. వచ్చినవాడు కూలివాడిలా వచ్చేడు.

ఇక్కడినించి రెండో ప్రశ్నకి వస్తున్నాను. పిలవొచ్చా?

యూదుల పెద్దలు ఈ మాట ఎప్పుడో తేల్చేసేరు. జెరూసలేం తాల్ముద్ అని వాళ్ళ పెద్దల ధర్మచర్చల పుస్తకంలో ఉంటాది. లోకంలో ఒక పెద్దమనిషి అండ ఉందనుకో, నీకు కష్టం వస్తే సూటిగా లోపలికి వెళ్ళలేవు, గుమ్మం దగ్గర నిలబడి నౌకర్ని పిలవాలి, వాడు లోపలికెళ్ళి ఫలానావాడు వచ్చేడండి అని చెప్పాలి, ఆయన రమ్మంటాడో పొమ్మంటాడో తెలీదు. దేవుడు అలా కాదు. నీకు కష్టమొస్తే మిఖాయేలునీ పిలవకు, గబ్రియేలునీ పిలవకు, నన్ను పిలు, వెంటనే పలుకుతాను అంటాడు. నవ్వుతున్నారు, అర్థమైంది కదా? ఎమ్మార్వో ఆఫీసులో బంట్రోతుని కాకా పట్టినట్టు దూతల్ని పట్టక్కర్లేదని. కానీ జనం విన్నారా? రాత్రి పడుకునేముందు యూదులు చెప్పుకునే ప్రార్థనలో కుడివైపు మిఖాయేలు, ఎడమవైపు గబ్రియేలు, ముందు ఉరియేలు, వెనక రఫాయేలు, తల మీద దేవుడి సన్నిధి అని ఉంటాది. అది పిలవడమా, పక్కనున్నారని చెప్పుకోవడమా? శుక్రవారం రాత్రి గుడినించి ఇంటికొచ్చి దూతలకి స్వాగతం పాడతారు. మనిషితో పాటు ఇద్దరు దూతలు ఇంటికొస్తారంట ఆ రాత్రి, ఒకడు మంచోడు, ఒకడు చెడ్డోడు. దీపం వెలిగించి బల్ల సర్ది ఉంటే, వచ్చే వారం కూడా ఇలాగే ఉండాలి అని మంచోడు అంటాడు, చెడ్డోడు ఇష్టం లేకపోయినా ఆమెన్ అనాలి. ఇల్లు చిందరవందరగా ఉంటే రివర్సు, చెడ్డోడు అంటాడు, మంచోడు ఆమెన్ అనాలి. ఆ స్వాగతంపాటలో మమ్మల్ని దీవించండి అని దూతల్ని అడిగే చరణం ఒకటుంటే, అది తప్పు, దూతల్ని అడగకూడదు అని కొందరు రబ్బీలు ఆ చరణం వదిలేస్తారు. రండి అనొచ్చు, ఇవ్వండి అనకూడదు. అంత సన్నటి గీత.

క్రైస్తవుల్లో ఇదే తగువు ఇంకా పెద్దగా జరిగింది. పౌలు కొలొస్సయులకి రాసిన ఉత్తరంలో దూతల్ని పూజించమని చెప్పేవాళ్ళ మాట వినొద్దు అన్నాడు. కొలొస్సై ఇప్పటి టర్కీలో ఉంది. దాని పక్కూరు లవొదికయ. పౌలు తర్వాత దగ్గర దగ్గర 300 ఏళ్ళకి, 4వ శతాబ్దంలో, ఆ లవొదికయలోనే సభ పెట్టి, చర్చి వదిలేసి దూతల్ని పిలుస్తూ విడిగా కూడుకోవద్దని మళ్ళీ రూలు రాసేరు. రూలు మళ్ళీ రాసేరంటే అర్థమేటి? జనం మానలేదని. ఆ తర్వాతైనా మానేరా? అదే కొలొస్సై దగ్గర మిఖాయేలు పేరు మీద ఎంత పెద్ద చర్చి వెలిసిందంటే దూరదూరాల్నించి జనం వచ్చేవారు. 745లో రోములో పోపు జకరయ్య పెట్టిన సభ ముందుకి ఒక బోధకుడి కేసు వచ్చింది, ఆయన ప్రార్థనలో 8 మంది దూతల పేర్లు పిలిచేవాడు. అందులో మిఖాయేలు తప్ప మిగతావి దయ్యాల పేర్లు అని తేల్చేరు. ఇందాక యూదుల ప్రార్థనలో చెప్పేనే, ఉరియేలు, ఆ పేరూ అందులో ఉంది, పాపం ఆయన కూడా దయ్యాల లిస్టులోకి పోయేడు.

ఇప్పుడు క్యాథలిక్‌లు మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు ముగ్గుర్ని పేరుతో పిలుస్తారు, సెప్టెంబర్ 29 వాళ్ళ పండగ, అక్టోబర్ 2 కావలి దూతల పండగ. 13వ లియో పోపు 1886లో పూజ అయ్యేక మిఖాయేలుకి ఒక ప్రార్థన చెప్పమని పెట్టేడు, 1960ల్లో ఆ నియమం తీసేసేరు గానీ ఇష్టమైనవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. కానీ మీ కావలి దూతకి మీరే పేరు పెట్టుకోవద్దని 2001లో వాటికన్ రాసింది. ప్రొటెస్టెంట్లని అడిగితే అసలు పిలవనే వద్దు, యేసుని అడుగు అంటారు. వాళ్ళ దగ్గర గట్టి ఆధారం ఏటంటే ప్రకటన గ్రంథం చివర యోహాను దూత కాళ్ళ మీద పడబోతే, వద్దు వద్దు, నేనూ నీలాంటి దాసుణ్ణే, దేవుడికి మొక్కు అంటాడు దూత. సన్మానం వద్దనేవాడు మన ఊళ్ళో దొరకడం కష్టం.

ఇస్లాంలో దూతల్ని నమ్మడం విశ్వాసంలో భాగం, నమ్మకపోతే కుదరదు. కానీ అడగడం మాత్రం అల్లానే. బద్ర్ యుద్ధం గురించి ఖురాన్‌లో ఏం రాసి ఉంది? మీరు మీ ప్రభువుని సాయం అడిగేరు, ఆయన వెయ్యిమంది దూతల్ని పంపుతానన్నాడు అని. అడిగింది ఎవర్ని, పంపింది ఎవరు, వచ్చింది ఎవరు, మూడూ విడివిడిగా రాసేరు. వెంటనే ఇంకో మాట, ఇది మీ గుండె నిబ్బరం కోసం, గెలుపు అల్లా దగ్గర్నించే అని. నమాజు చివర కుడివైపు తిరిగి సలాం, ఎడమవైపు తిరిగి సలాం చెప్తారు చూసేరా, అది పక్కన నిలబడ్డ మనుషులకీ దూతలకీ కూడా అంటారు పెద్దలు. మళ్ళీ అదే, పలకరించొచ్చు. పేరు పెట్టి పిలిచి వేడుకునేది ఖురాన్‌లో ఒకచోట ఉంది, అది ఎక్కడో తెలుసా? నరకంలో. ఓ మాలిక్, నీ ప్రభువుతో చెప్పి మమ్మల్ని పూర్తిగా చంపించెయ్యి అని నరకం కావలి దూతని బతిమాలుకుంటారు. ఆయనేమంటాడు? మీరిక్కడే ఉండాలి అంటాడు. అంతే.

పిలుపు అంటే 2014 అక్టోబర్ 12 గుర్తుందా? ఎలా మర్చిపోతాం. ఆ తుపానుకి పెట్టిన పేరు హుద్‌హుద్, సులేమాన్ ప్రవక్తకి షేబా రాణి కబురు తెచ్చిన పిట్ట పేరే అది, ఖురాన్‌లో ఉంది. కబురు తెచ్చే పిట్ట పేరు పెట్టుకుని వచ్చి కైలాసగిరి మీద ఆకు లేకుండా చేసి పోయింది. ఆ రోజు తలుపులు పట్టుకుని నిలబడి ఎవర్ని పిలిచేం? సింహాద్రి అప్పన్నా అన్నాం, కనకమాలక్ష్మీ తల్లీ అన్నాం, యేసయ్యా అన్నాం, యా అల్లా అన్నాం. ఏ సభ ఏ రూలు రాసిందో అప్పుడెవరికి గుర్తుంటాది?

హిందువులకి దేవదూతలెక్కడున్నారు మాస్టారూ అని ఇందాక ఒకాయన అన్నారు. అజామిళుడు మర్చిపోయేరా? భాగవతం ఆరో స్కంధం. పోతన భాగవతం అంటాం గానీ ఆ స్కంధం తెలుగు చేసింది ఏర్చూరి సింగన. అజామిళుడు దొంగతనాలు, జూదాలు, చెయ్యని పని లేదు. చివరి ఘడియలో ముగ్గురు యమభటులు తాళ్ళతో కనిపించేరు. భయంతో కేకేసేడు, నారాయణా అని. దేవుణ్ణి అనుకున్నారా? ఆఖరి కొడుకు పేరు అది, అక్కడ ఆడుకుంటున్నాడు, వాణ్ణి పిలిచేడు. విష్ణుదూతలు వచ్చేసేరు. ఇక్కడ పిలవొచ్చా పిలవకూడదా అన్న తగువే లేదండీ, ఆయన ఎవర్ని పిలిచేడో కూడా చూడలేదు వాళ్ళు. రెండు పక్షాల భటులూ ఆ మంచం పక్కనే ధర్మం మీద వాదించుకున్నారు, లాయర్లలాగ. యమభటులు ఓడి వెళ్ళిపోయేరు. అజామిళుడు దండం పెట్టి ఏదో చెప్పబోయేడు, ఈలోపే విష్ణుదూతలూ మాయం. మనవాళ్ళు కథ ఇక్కడ ఆపేసి వైకుంఠానికి పోయేడంటారు. లేదు, అప్పుడే పోలేదు. ఆయన లేచేడు, చేసిన పనులు తల్చుకుని ఏడ్చేడు, ఇల్లూ వాకిలీ వదిలి గంగాద్వారం, అదే హరిద్వారం, వెళ్ళి యోగంలో కూర్చున్నాడు. అది అయ్యేకనే ఆ దూతలు మళ్ళీ విమానంతో వచ్చేరు. చూసేరా, పేతురుకి చెప్పులు తొడుక్కోమన్నట్టే ఉంది ఇదీ.

ఇక మన పక్కనే ఉన్నదాని సంగతి. భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కేరు కదా అందరూ, ఎక్కువమంది ఫొటోల కోసమే అనుకోండి. 2000 ఏళ్ళ నాడు అక్కడ బౌద్ధ భిక్షువులు కింద సముద్రం చూస్తూ బతికేరు. ఆ సముద్రానికి బౌద్ధుల జాతక కథల్లో ఒక కావలి దేవత ఉంది, మణిమేఖల. లోకపాలకులు ఆవిడకి డ్యూటీ వేసేరు, తల్లిదండ్రుల్ని చూసుకునే మంచివాళ్ళెవరైనా సముద్రంలో పడితే కాపాడాలని. మహాజనకుడు అని రాజకుమారుడు, సువర్ణభూమికి ఓడ ఎక్కేడు. నడిసముద్రంలో ఓడ పగిలింది. ఓడలో జనమంతా ఏడుస్తున్నారు, ఎవరి దేవుణ్ణి వాళ్ళు పిలుస్తున్నారు. ఈయన పిలవలేదు, ఏడవలేదు. ఏం చేసేడో తెలుసా? పంచదార నెయ్యి కలుపుకుని కడుపునిండా తిన్నాడు, బట్టలు నూనెలో తడిపి ఒంటికి బిగించేడు, ఓడ స్తంభం ఎక్కేడు, ఓడ మునుగుతుంటే మిథిల ఎటువైపో చూసుకుని ఆ దిక్కుకి దూకేడు. వేటకెళ్ళే మన జాలర్లకి వేరే చెప్పాలా, అది ఎంత తెలివైన పనో. 7 రోజులు ఈదేడు. మణిమేఖల ఏదీ? ఆ 7 రోజులూ ఆవిడ సుఖాల్లో మునిగి సముద్రం వైపే చూడలేదంట! డ్యూటీలో లేదు.

ఏడో రోజు అయ్యో అనుకుని వచ్చింది. వచ్చి వెంటనే ఎత్తుకుందా? లేదండీ, గాల్లో నిలబడి ప్రశ్నలేసింది. ఒడ్డు కనపడని సముద్రంలో ఈదుతున్నావు, ఏం లాభం అని. ఈయన ఈదుతూనే సమాధానం చెప్పేడు, ఒడ్డు కనపడకపోయినా మనిషి ప్రయత్నం చెయ్యాలి, చేసినవాడికి ఎవరి బాకీ ఉండదు, నాతో వచ్చినవాళ్ళందరూ పోయేరు, నేను ఇంకా ఈదుతున్నాను కాబట్టే కదా నిన్ను చూస్తున్నాను అన్నాడు. ఆ మాటతో ఆవిడకి నోట మాట లేదు, ఎక్కడికి వెళ్ళాలి అని అడిగి, ఎత్తుకెళ్ళి మిథిలలో మామిడితోటలో దించింది. నాకు ఇన్ని కథల్లోనూ దేవతకి ఎదురు చెప్పి సాయం పొందినవాడు ఈయనే నచ్చేడు. అలాగని బౌద్ధంలో పిలవడం లేదని కాదు, సద్ధర్మపుండరీకం అనే గ్రంథంలో అవలోకితేశ్వరుడు అనే బోధిసత్త్వుడి పేరు తల్చుకుంటే ఓడ రాక్షసుల దీవికి కొట్టుకుపోయినా బయటపడతారని ఒక అధ్యాయమే ఉంది. శ్రీలంకలో పిరిత్, అంటే రక్ష కోసం చదివే బుద్ధుడి మాటలు, చదివేముందు దేవతల్ని రండి అని పిలుస్తారు, ఎందుకు? సాయానికి కాదు, ధర్మం వినడానికి. విన్నాక మనుషులే తమ పుణ్యంలో వాళ్ళకి వాటా ఇస్తారు. పార్సీలు అయితే ఏ మొహమాటం లేకుండా పిలుస్తారు, నెలలో 30 రోజులకీ 30 పేర్లు, ఏ రోజు ఎవరిదో వాళ్ళని, ఏడాది చివర చనిపోయినవాళ్ళ ఫ్రవషుల్ని, అంటే ఆత్మల్ని, ఇంటికి పిలుస్తారు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం, టైమైపోతోంది.

చివర్లో అడిగినవి

ఒకమ్మాయి ఫోన్లో 1111 కనిపిస్తే ఏంజెల్ నంబర్ అంటున్నారు, నిజమా అని అడిగింది. అమ్మా, ఇందాకట్నించి చెప్పిన ఏ పుస్తకంలోనూ అది లేదు. రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చూస్తావో అన్నిసార్లు ఏదో ఒక టైం కనిపిస్తాది, 1047 కనిపించినప్పుడు గుర్తుండదు. దూతల పేరు చెప్పి జోస్యం చూసే ఏంజెల్ కార్డులు కూడా అంతే. అమెరికాలో ఈ కార్డులు లక్షల్లో అమ్మిన ఒకావిడే 2017లో క్రైస్తవంలోకి వెళ్ళి, నా కార్డులు వాడకండి అని చెప్పింది. దూతలతో సూటిగా మాట్లాడతామన్నవాళ్ళు కొత్తేం కాదు. ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి దగ్గర జాన్ డీ అని పెద్ద లెక్కల పండితుడు, 16వ శతాబ్దం, స్ఫటికంలోకి చూసి దూతల మాటలు చెప్పే ఎడ్వర్డ్ కెల్లీ అనేవాణ్ణి పెట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి రాసేడు ఆ మాటలన్నీ. చివరికి 1587లో దూత ఏం చెప్పిందంట అంటే, మీరిద్దరూ భార్యల్ని కూడా పంచుకోవాలి అని. పిల్లలున్నారు, ఇంతకంటే చెప్పను. చెప్పింది దూతా, కెల్లీనా? మీరే అనుకోండి. ఇందాకటి కథల్లో దూతలు ఏ పని చెప్పేరు? తిను, లే, నడువు, చెట్టు ఊపు. కన్సల్టేషన్ ఫీజు 1500 అని ఎవడూ అనలేదు, రఫాయేలుకి రోజుకో ద్రాక్మా ఇస్తామన్నా అదీ చివర తీసుకోలేదు.

ఒకాయన, ఇంట్లో మనిషికి ఒంట్లో బాలేదు, రఫాయేలుని పిలుస్తున్నాం అన్నారు. పిలవండి, నేనెవణ్ణి వద్దనడానికి. కేజీహెచ్‌లో, అదే మన పెద్దాసుపత్రిలో, ఓపీ చీటీ మాత్రం పొద్దున్నే తీసుకోండి, అక్కడ లైను పెద్దది. రఫాయేలు కూడా మందు రాయించేడు గానీ ఊరికే ఊదలేదు.

హిందువు మిఖాయేలుని పిలవొచ్చా అని ఒక కుర్రాడు. వాళ్ళ చర్చివాళ్ళని అడిగితే క్యాథలిక్ ఫాదరు రమ్మంటాడు, ప్రొటెస్టెంట్ పాస్టరు వద్దంటాడు, మీ నాన్నమ్మ ఏమంటాదో నీకే తెలుసు. ఆమెని అడుగు ముందు.

తోబీతు కథ ఎక్కడ దొరుకుతాది అని చాలామంది అడుగుతున్నారు. చెప్పేను కదా, మామూలు తెలుగు బైబిల్లో ఉండదు, క్యాథలిక్ బైబిల్లో చూడండి, పాత నిబంధన వైపు. 14 అధ్యాయాలే, ఒక పూటలో అయిపోతాది. ఇంకేం కాకపోయినా ఆ కుక్క కోసం చదవండి. సరే మరి, వాచ్‌మేన్ లైట్లు తీసేస్తానంటున్నాడు, కుర్చీలు మడతపెట్టడానికి నలుగురు ఉండండి.